కోసిమో డి మెడిచి

కోసిమో డి మెడిచి (1389 - 1464 ఆగస్టు 1) ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరానికి చెందిన బ్యాంకరు, రాజనీతిజ్ఞుడు, కళాపోషకుడు. 15వ శతాబ్దపు యూరప్‌లో అతి పెద్ద బ్యాంకుగా పేరుపొందిన మెడిచి బ్యాంకు ఇతని కాలంలోనే ఉచ్ఛస్థితికి చేరుకుంది. 1434 నుండి మరణించే వరకు ముప్పై సంవత్సరాల పాటు, కిరీటం గానీ శాశ్వతమైన పదవి గానీ లేకుండానే, ఇతడు ఫ్లోరెన్స్ గణతంత్ర రాజ్యాన్ని నడిపించాడు. శిల్పి డొనాటెల్లో, వాస్తుశిల్పి మికెలోజో, తత్వవేత్త మార్సిలియో ఫిచినో మొదలైనవారు ఇతని ఆదరణ పొందారు. మరణానంతరం ఫ్లోరెన్స్ ప్రభుత్వం ఇతనికి "దేశపిత" అనే బిరుదునిచ్చింది. ఇదే వంశంలో తరువాత పుట్టిన మొదటి కోసిమో (1519 - 1574) నుండి వేరుగా గుర్తించడానికి ఇతనిని "పెద్ద కోసిమో" అని కూడా అంటారు.

కుటుంబ నేపథ్యం

కోసిమో తండ్రి జొవాన్ని డి బిచ్చి (1360 - 1429), తల్లి పికార్డా బుయేరి. కోసిమోకు డమియానో అనే కవల సోదరుడు ఉండేవాడు. అతడు పుట్టిన కొద్దికాలానికే మరణించాడు. కవలలకు కోస్మాస్, డమియాన్ అనే జంట సాధువుల పేర్లు పెట్టారు. ఈ సాధువులిద్దరూ వైద్యులు. మెడిచి అనే ఇంటిపేరుకు కూడా ఇటాలియన్ భాషలో వైద్యులు అనే అర్థం ఉంది. అందువల్ల ఈ సాధువులు ఆ కుటుంబానికి ఇలవేల్పుల వంటివారయ్యారు. కోసిమో తమ్ముడు లొరెంజో (1395 - 1440) వ్యాపారంలోను రాజకీయాలలోను అన్నకు తోడుగా నిలిచాడు.

జొవాన్ని మొదట రోము నగరంలో దూరపు బంధువు వియేరి డి కాంబియో నడిపిన బ్యాంకులో పనిచేశాడు. 1397లో తన వ్యాపార కేంద్రాన్ని ఫ్లోరెన్స్‌కు మార్చాడు. మెడిచి బ్యాంకు స్థాపన సంవత్సరంగా చరిత్రకారులు దీనినే లెక్కిస్తారు. మొదటి పెట్టుబడి 10,000 ఫ్లోరిన్లు. అందులో జొవాన్ని వాటా 5,500. ఫ్లోరిన్ అనేది సుమారు మూడున్నర గ్రాముల మేలిమి బంగారు నాణెం. అప్పట్లో యూరప్ అంతటా దానికి చలామణి ఉండేది.

ఆనాటి ఫ్లోరెన్స్‌లో లాటిన్, గ్రీకు గ్రంథాల అధ్యయనం కొత్తగా ఊపందుకుంటున్నది. కోసిమో వ్యాపారంతో పాటు ఈ విద్యపై కూడా ఆసక్తి పెంచుకున్నాడు. ప్రాచీన రాతప్రతులను వెదికి సేకరించే నికొలో నికోలి, పొజియో బ్రాచ్చొలీని వంటి పండితులతో ఇతనికి స్నేహం ఉండేది.

కోసిమో భార్య కొంటెస్సీనా, ప్రసిద్ధ బార్డి వంశానికి చెందినది. వీరికి పియెరో (1416 - 1469), జొవాన్ని (1421 - 1463) అనే ఇద్దరు కుమారులు కలిగారు. ఇవిగాక, వెనిస్‌లో కొన్న సర్కాసియా దేశపు బానిస స్త్రీ వలన కార్లో అనే కుమారుడు కలిగాడు. అతడు ఆ ఇంటిలోనే పెరిగి తరువాత మతాధికారి అయ్యాడు. సంపన్నుల ఇండ్లలో బానిసలను ఉంచుకోవడం ఆనాటి ఇటలీ నగరాలలో మామూలు విషయమే.

మెడిచి బ్యాంకు

వడ్డీ - నిషేధం - హుండీ

మధ్యయుగపు క్రైస్తవ మతం అప్పుపై వడ్డీ తీసుకోవడాన్ని పాపంగా పరిగణించింది. వడ్డీ వ్యాపారికి మరణానంతర సంస్కారాలు కూడా నిరాకరించవచ్చును. ఈ చిక్కును దాటడానికి ఇటలీ బ్యాంకర్లు మారకపు హుండీలను వాడుకున్నారు. ఫ్లోరెన్స్‌లో ఒక వర్తకుడు ఫ్లోరిన్లలో సొమ్ము తీసుకొని, లండన్‌లో తన ప్రతినిధి మూడు నెలల తరువాత ఆ మొత్తాన్ని ఇంగ్లీషు నాణేలలో చెల్లిస్తాడని పత్రం రాసి ఇచ్చేవాడు. లండన్‌లో వచ్చిన సొమ్ముతో అక్కడ మరో హుండీ కొని ఫ్లోరెన్స్‌కు పంపేవారు. రెండు నగరాలలోను మారకపు రేట్లు వేరువేరుగా ఉండేవి గనుక, సొమ్ము తిరిగి వచ్చేసరికి సాధారణంగా కొంత పెరిగేది. ఆ పెరుగుదల ముందుగా నిశ్చయించినది కాదు, అందులో నష్టభయం కూడా ఉంది కాబట్టి చాలామంది మతపండితులు దానిని వడ్డీగా పరిగణించలేదు. బ్యాంకులో సొమ్ము దాచుకున్నవారికి కూడా "వడ్డీ" అనే మాట లేకుండా, బ్యాంకరు ఇష్టపూర్వకంగా ఇచ్చే కానుక రూపంలో ప్రతిఫలం ముట్టేది.

రోము శాఖ ప్రాముఖ్యం

మెడిచి లాభాలలో సగానికి పైగా రోము శాఖ నుండే వచ్చేవి. యూరప్ నలుమూలల నుండి చర్చికి చేరవలసిన పన్నులను, రుసుములను పోప్ ఖజానాకు చేర్చే పని ఈ బ్యాంకుకు దక్కింది. దీనికి మూలం, 1410లో జాన్ 23 పేరుతో పోప్‌గా ఎన్నికైన బల్దస్సారె కొస్సాతో జొవాన్నికి ఉన్న స్నేహం. అప్పట్లో ఒకే సమయంలో ముగ్గురు తామే పోప్‌లమని చెప్పుకొనేవారు. ఈ వివాదాన్ని తేల్చడానికి కాన్‌స్టాన్స్ నగరంలో జరిగిన మహాసభ (1414 - 1418) కొస్సాను 1415లో పదవి నుండి తొలగించి ఖైదులో ఉంచింది. 1419లో ఇతని విడుదలకు కావలసిన సొమ్మును మెడిచి బ్యాంకు చెల్లించింది. అధికారం కోల్పోయిన వ్యక్తిని కూడా విడిచిపెట్టలేదన్న పేరు బ్యాంకుకు దీనివలన లభించింది. అదే సంవత్సరం కొస్సా ఫ్లోరెన్స్‌లో మరణించాడు. డొనాటెల్లో, మికెలోజో చెక్కిన అతని సమాధిని నేటికీ ఆ నగరపు బాప్టిస్టరీలో చూడవచ్చును.

శాఖల ఏర్పాటు

1420లో జొవాన్ని వ్యాపార బాధ్యతలను కుమారులకు అప్పగించాడు. కోసిమో కాలంలో రోము, వెనిస్, జెనీవా, పీసా, బ్రూజ్, లండన్, అవిన్యోన్, మిలన్ నగరాలలో బ్యాంకు శాఖలు పనిచేశాయి. ఫ్లోరెన్స్‌లో ఉన్ని బట్టల కార్ఖానాలు రెండు, పట్టు కార్ఖానా ఒకటి కూడా ఉండేవి.

అంతకు ముందు శతాబ్దంలో ఫ్లోరెన్స్‌కు చెందిన బార్డి, పెరుజి బ్యాంకులు ఇంగ్లాండు రాజు మూడవ ఎడ్వర్డుకు ఇచ్చిన అప్పులు తిరిగి రాక 1340 దశకంలో కూలిపోయాయి. మెడిచి వారు తమ శాఖలను అందుకు భిన్నంగా ఏర్పాటు చేశారు. ప్రతి శాఖ విడి భాగస్వామ్యం. దానికి వేరే పెట్టుబడి, వేరే ఖాతా పుస్తకాలు ఉండేవి. శాఖ మేనేజరు కూడా కొంత వాటా ఉన్న భాగస్వామియే. అధిక వాటా మాత్రం మెడిచి కుటుంబానిది. ఒక శాఖ అప్పులకు మరో శాఖ బాధ్యత వహించనక్కరలేదు. 1455లో ఈ సూత్రానికి న్యాయస్థానంలో పరీక్ష ఎదురైంది. లండన్ శాఖ అమ్మిన ఉన్ని బేళ్ళు సరిగా కట్టలేదని మిలన్ వర్తకుడు దమియానో రుఫీని బ్రూజ్ శాఖపై దావా వేశాడు. రెండు శాఖలకు యజమాని ఒక్కరే అయినా భాగస్వామ్యాలు వేరు గనుక బ్రూజ్ శాఖకు బాధ్యత లేదని తీర్పు వచ్చింది. నేటి హోల్డింగ్ కంపెనీల పద్ధతికి దీనిని తొలిరూపంగా ఆర్థిక చరిత్రకారులు భావిస్తారు.

1435 నుండి 1455లో మరణించే వరకు జొవాన్ని బెంచి బ్యాంకుకు ప్రధాన నిర్వాహకుడిగా పనిచేశాడు. మెడిచి బ్యాంకు అత్యధిక లాభాలు గడించిన కాలం ఇదే.

ఖైదు, ప్రవాసం (1433 - 1434)

ఫ్లోరెన్స్ పేరుకు గణతంత్రం. తొమ్మిదిమంది సభ్యులున్న "సిన్యోరియా" అనే మండలి నగరాన్ని పాలించేది. అర్హులైన పౌరుల పేర్లు రాసిన చీటీలను తోలుసంచులలో వేసి, రెండు నెలలకొకసారి లాటరీ పద్ధతిలో సభ్యులను తీసేవారు. కానీ 15వ శతాబ్దం మొదటి భాగంలో నిజమైన అధికారం అల్బిజి వంశం నాయకత్వంలోని కొన్ని సంపన్న కుటుంబాల చేతిలో ఉండేది. 1429లో జొవాన్ని మరణించిన తరువాత కోసిమో వారికి ప్రధాన ప్రత్యర్థిగా ఎదిగాడు. అదే సంవత్సరం లుక్కా నగరంపై మొదలైన యుద్ధం విఫలమై ఖజానా ఖాళీ అయింది. ప్రజలలో అసంతృప్తి పెరిగింది.

రానున్న ప్రమాదాన్ని ఊహించిన కోసిమో, 1433 వేసవిలో తన సొమ్ములో పెద్ద భాగాన్ని వెనిస్ తదితర చోట్లకు తరలించి, కొంత మొత్తాన్ని మఠాలలో దాచాడు. 1433 సెప్టెంబరు 7న రినాల్దో అల్బిజి వర్గం అతనిని ప్రభుత్వ భవనానికి పిలిపించి, గోపురంలోని చిన్న గదిలో బంధించింది. రినాల్దో మరణశిక్ష కోరాడు. విషప్రయోగం జరుగుతుందన్న భయంతో కోసిమో కొన్ని రోజులు ఆహారం ముట్టలేదని చెబుతారు. చివరకు మండలి అధ్యక్షుడు బెర్నార్దో గ్వాదాన్యికి 1,000 ఫ్లోరిన్లు లంచంగా ముట్టాయి. మరణశిక్ష ప్రవాసశిక్షగా మారింది. వారు అంతకు పదింతలు అడిగినా తాను ఇచ్చేవాడినని కోసిమో తరువాత తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు.

కోసిమో మొదట పాదువాలోను, తరువాత వెనిస్‌లోను గడిపాడు. వెనిస్ ప్రభుత్వం ఇతనిని ఖైదీగా గాక అతిథిగా ఆదరించింది. తనతో వచ్చిన మికెలోజో చేత అక్కడి సాన్ జోర్జియో మఠంలో ఒక గ్రంథాలయాన్ని కట్టించాడు. ఇటు ఫ్లోరెన్స్‌లో ప్రభుత్వానికి అప్పు పుట్టడం కష్టమైంది. 1434 సెప్టెంబరులో తీసిన చీటీలలో మెడిచి అనుకూలురే ఎక్కువమంది వచ్చారు. రినాల్దో సాయుధులను సమీకరించినప్పటికీ, అప్పుడు ఫ్లోరెన్స్‌లోనే ఆశ్రయం పొందుతున్న పోప్ నాలుగవ యూజీన్ అతనికి నచ్చజెప్పి ఆయుధాలు దింపించాడు. కోసిమోపై విధించిన ప్రవాసం రద్దయింది. 1434 అక్టోబరులో అతడు తిరిగి నగరంలో అడుగుపెట్టాడు.

పాలన

తెరవెనుక అధికారం

తిరిగివచ్చిన వెంటనే కోసిమో వర్గం ప్రత్యర్థులను నగరం నుండి వెళ్ళగొట్టింది. రినాల్దో మళ్ళీ ఫ్లోరెన్స్‌ను చూడలేదు. 1427 నాటి పన్ను లెక్కల ప్రకారం నగరంలోకెల్లా ధనవంతుడు, గొప్ప విద్యావంతుడు అయిన పల్లా స్ట్రోజి కూడా ప్రవాసానికి గురై, 1462లో పాదువాలోనే మరణించాడు.

కోసిమో రాజ్యాంగాన్ని రద్దు చేయలేదు. రెండు నెలల పదవీకాలం, చీటీల పద్ధతి అలాగే కొనసాగాయి. అయితే సంచులలో ఎవరి పేర్లు వేయాలో నిర్ణయించే అధికారుల నియామకం అతని వర్గం చేతిలో ఉండేది. వారు ప్రతి సంచిలో నమ్మకమైన కొద్దిమంది పేర్లనే ఉంచేవారు. కోసిమో స్వయంగా మండలి అధ్యక్ష పదవిని మూడుసార్లు మాత్రమే, అంటే మొత్తం ఆరు నెలలు మాత్రమే నిర్వహించాడు. సాధారణ పౌరుని వలె నడుచుకొనేవాడు. కానీ విదేశీ రాయబారులు ముందుగా అతని ఇంటికే వెళ్ళేవారు.

పన్నులను కూడా ఇతని వర్గం రాజకీయ ఆయుధంగా వాడుకుంది. ప్రసిద్ధ పండితుడు జనొజో మనెట్టి అధిక పన్నుల భారం మోయలేక 1453లో నగరం విడిచి వెళ్ళాడు. 1458లో ఈ పద్ధతిపై వ్యతిరేకత తలెత్తినప్పుడు, లూకా పిట్టి నాయకత్వంలో సైనికుల కాపలా మధ్య పౌరసభను జరిపి, మెడిచి అనుకూలురతో నూరుగురి సభ అనే కొత్త సభను ఏర్పాటు చేశారు.

విదేశాంగ నీతి

చాలాకాలం పాటు ఫ్లోరెన్స్, వెనిస్ కలిసి మిలన్ రాజ్యంతో యుద్ధాలు చేశాయి. 1440లో అంగియారి వద్ద మిలన్ సేన ఓడిపోయింది. వెనిస్ బలం మితిమీరుతున్నదని గ్రహించిన కోసిమో ఈ పాత మైత్రిని వదలి, కిరాయి సేనాధిపతి ఫ్రాంచెస్కో స్ఫోర్జాకు పెద్ద ఎత్తున ధనసహాయం చేశాడు. 1450లో స్ఫోర్జా మిలన్ పాలకుడయ్యాడు. 1454లో కుదిరిన లోడి సంధి ఇటలీలోని ప్రధాన రాజ్యాల మధ్య సమతూకాన్ని నెలకొల్పింది. ఈ సమతూకం, మధ్యలో కొన్ని యుద్ధాలు జరిగినా, 1494లో ఫ్రెంచి దండయాత్ర వరకు చాలావరకు నిలిచింది.

కళా, విద్యా పోషణ

కోసిమో చేసిన దానధర్మాలకు భక్తి, ప్రతిష్ఠ రెండూ కారణాలే. వడ్డీతో ముడిపడిన సంపాదనకు ప్రాయశ్చిత్తం చేసుకోవాలన్న తపన కూడా ఇతనికి ఉండేదని సమకాలికులు భావించారు.

సాన్ మార్కో మఠం: 1437 నుండి మికెలోజో చేత పునర్నిర్మింపజేశాడు. సన్యాసుల గదుల గోడలపై ఫ్రా ఆంజెలికో వేసిన కుడ్యచిత్రాలు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. కోసిమో ఉపయోగించుకొనే గది కూడా ఒకటి అక్కడ ఉంది.
సాన్ మార్కో గ్రంథాలయం: నికొలో నికోలి 1437లో మరణించినప్పుడు అతని అప్పులను కోసిమో తీర్చి, పుస్తకాలలో సుమారు 400 ఈ మఠానికి ఇచ్చాడు. చదువుకోగోరిన వారికి ప్రవేశం ఉన్న ఈ గ్రంథాలయం 1444లో ఏర్పడింది.
ఫియెసోలె మఠ గ్రంథాలయం: పుస్తక వర్తకుడు వెస్పసియానో ద బిస్టిచ్చి 45 మంది లేఖకులను నియమించి 22 నెలలలో 200 గ్రంథాలను రాయించి ఇచ్చాడు. ఇటలీలో అప్పటికి అచ్చుయంత్రం రాలేదు.
సాన్ లొరెంజో చర్చి: బ్రూనెలెస్కి రూపకల్పన చేసిన ఈ చర్చి నిర్మాణానికి మెడిచి కుటుంబం ప్రధాన దాత.
మెడిచి భవనం: 1444లో మొదలైంది. బ్రూనెలెస్కి ఇచ్చిన నమూనా మరీ ఆడంబరంగా ఉన్నదని, పౌరులకు అసూయ కలుగుతుందని కోసిమో దానిని కాదని మికెలోజో నమూనాను ఎంచుకున్నాడని ప్రతీతి. డొనాటెల్లో చేసిన కంచు దావీదు విగ్రహం ఈ భవనపు లోపలి ఆవరణలో ఉండేది.

1439లో తూర్పు, పశ్చిమ చర్చిల ఐక్యతకై జరుగుతున్న మహాసభ ఫెరారా నుండి ఫ్లోరెన్స్‌కు మారింది. దీనికి కోసిమో ధనసహాయం ఉంది. బైజాంటైన్ చక్రవర్తి ఎనిమిదవ జాన్‌తో పాటు ప్లెథాన్ వంటి గ్రీకు పండితులు నగరానికి వచ్చారు. వారి వలన ప్లేటో తత్వంపై ఇతనికి ఆసక్తి కలిగింది. తన వైద్యుని కుమారుడైన మార్సిలియో ఫిచినోకు 1462లో కరెజ్జి వద్ద నివాసం, ప్లేటో గ్రీకు రాతప్రతి ఇచ్చి లాటిన్‌లోకి అనువదించమని కోరాడు. ఫిచినో చేసిన సంపూర్ణ అనువాదం 1484లో అచ్చయింది.

కోసిమో మనుమడు లొరెంజో రాసుకున్న లెక్క ప్రకారం, 1434 నుండి 1471 వరకు ఈ కుటుంబం కట్టడాలకు, దానాలకు, పన్నులకు ఖర్చు చేసిన మొత్తం 6,63,755 ఫ్లోరిన్లు.

విజయనగర సామ్రాజ్యంతో పోలిక, సంబంధం

కోసిమో కాలం మన చరిత్రలో విజయనగర సంగమ వంశ పాలనా కాలం. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408 - 1503) ఇతనికంటె పందొమ్మిదేళ్ళు చిన్నవాడు. వెనిస్ రాజ్యానికి చెందిన యాత్రికుడు నికొలో డి కాంటి 1420 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించాడు. ఇతడు ఇటలీకి తిరిగివెళ్ళిన తరువాత చెప్పిన వివరాలను గ్రంథస్థం చేసినవాడు కోసిమో మిత్రుడైన పొజియో బ్రాచ్చొలీనియే. ప్రయాణంలో ప్రాణభయంతో క్రైస్తవాన్ని విడిచినందుకు క్షమాపణ కోరిన కాంటికి, తన అనుభవాలను దాచకుండా చెప్పడమే ప్రాయశ్చిత్తంగా పోప్ నాలుగవ యూజీన్ విధించాడని అంటారు. విజయనగర చరిత్రకు తొలి విదేశీ ఆధారాలలో ఒకటైన ఆ రచన ఈ విధంగా కోసిమో పరిచయస్థుల ద్వారా లోకానికి అందింది.

సొమ్మును మదుపు చేసే పద్ధతిలో రెండు ప్రాంతాల మధ్య ఆసక్తికరమైన తేడా ఉంది. తిరుమల ఆలయ శాసనాలను బట్టి, దాతలు శ్రీభండారంలో జమచేసిన పణాలను ఆలయ గ్రామాలలో చెరువులు, కాలువలు తవ్వించడానికి వినియోగించేవారు. పెరిగిన పంటతో దాత పేరిట నైవేద్యాలు జరిగేవి. ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందేది. చంద్రగిరి కేంద్రంగా ఎదిగిన సాళువ నరసింహుని కాలంలో ఈ పద్ధతి బాగా విస్తరించింది. ఫ్లోరెన్స్‌లో పెట్టుబడి దూరదేశాల వర్తకం చుట్టూ తిరిగితే, తిరుపతి ప్రాంతంలో అది నీటిపారుదల ద్వారా భూమిలోకి వెళ్ళింది. రెండుచోట్లా ధనం, దైవభక్తి, రాజకీయ ప్రతిష్ఠ ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి.

చివరి రోజులు, మరణం

మెడిచి వంశంలో చాలామందిని బాధించిన కీళ్ళవాతం కోసిమోను కూడా పట్టిపీడించింది. 1463లో, వారసునిగా ఆశలు పెట్టుకున్న రెండవ కుమారుడు జొవాన్ని మరణించడం ఇతనిని కుంగదీసింది. చివరి రోజులలో ఫిచినో చేత ప్లేటో సంభాషణలను చదివించుకొని వినేవాడు. 1464 ఆగస్టు 1న కరెజ్జిలోని గ్రామీణ భవనంలో మరణించాడు. సాన్ లొరెంజో చర్చిలో ప్రధాన వేదికకు ఎదురుగా ఇతని సమాధి ఉంది. దానిని వెరోకియో రూపొందించాడు. 1466లో మరణించిన డొనాటెల్లోను కూడా ఇతని సమాధికి సమీపంలోనే ఖననం చేశారు.

అనంతర పరిణామాలు

కోసిమో తరువాత బాధ్యతలు చేపట్టిన పియెరో, బ్యాంకుకు రావలసిన అప్పులను వసూలు చేయడానికి పూనుకోవడంతో కొందరు వర్తకులు దివాలా తీశారు. 1466లో లూకా పిట్టి తదితరులు అతనిపై కుట్ర చేసి విఫలమయ్యారు. పియెరో కుమారుడు లొరెంజో (1449 - 1492) రాజకీయాలలోను, కవిత్వంలోను ప్రతిభ చూపాడు గానీ బ్యాంకుపై శ్రద్ధ వహించలేదు. లండన్, బ్రూజ్ శాఖలు రాజులకు, ప్రభువులకు ఇచ్చిన అప్పులు మునిగిపోయాయి. రాజులకు అప్పివ్వడంలో పాత బ్యాంకులు చేసిన పొరపాటే మళ్ళీ జరిగింది. 1494లో మెడిచి కుటుంబాన్ని ఫ్లోరెన్స్ నుండి వెళ్ళగొట్టారు. బ్యాంకు కూడా అప్పటితో అంతమైంది. తరువాత ఈ వంశం నుండి పదవ లియో, ఏడవ క్లెమెంట్ పోప్‌లయ్యారు. కోసిమో తమ్ముని సంతతివారు టస్కనీ పాలకులై 1737 వరకు రాజ్యం చేశారు.

చారిత్రక ఆధారాలు

మెడిచి బ్యాంకు గురించిన మన జ్ఞానం చాలావరకు 1950లో ఫ్లోరెన్స్ ప్రభుత్వ పత్రభాండాగారంలో బయటపడిన "రహస్య ఖాతా పుస్తకాల" మీద ఆధారపడి ఉంది. ఇవి 1397 నుండి 1451 వరకు గల కాలానికి చెందినవి. భాగస్వాముల వాటాలు, లాభాల పంపకం ఇందులో నమోదయ్యాయి. వీటిని పరిశోధించి రేమండ్ డి రూవర్ 1963లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంపై ప్రామాణికమైనది. కోసిమో కాలపు కుటుంబ లేఖలను ఆ భాండాగారం అంతర్జాలంలో ఉంచింది. 1427 నాటి పన్ను లెక్కల వివరాలు కూడా అంతర్జాలంలో ప్రచురితమయ్యాయి.

విద్యార్థులు ఈ ఆధారాలను వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం.

మెడిచి ఆర్కైవ్ ప్రాజెక్టు ముఖ్యంగా 1537 తరువాతి పత్రాలకు సంబంధించినది. అందులో కనిపించే కోసిమో సాధారణంగా టస్కనీ పాలకుడైన మొదటి కోసిమోయే గాని ఈ వ్యాసంలోని కోసిమో కాదు.
లొరెంజో అనే పేరు కోసిమో తమ్మునిది, మనుమనిది కూడా. జొవాన్ని పేరు తండ్రిది, కుమారునిది కూడా.
మాకియవెల్లి రాసిన ఫ్లోరెన్స్ చరిత్ర మెడిచి కుటుంబం కోరికపై రాసినది. వెస్పసియానో రాసిన జీవితచరిత్ర కోసిమో వలన మేలు పొందిన వ్యక్తి రచన. కనుక వీటిని ఇతర ఆధారాలతో పోల్చి చూడాలి.
2016లో ప్రసారమైన టెలివిజన్ ధారావాహికలో కోసిమో తండ్రి విషప్రయోగం వలన మరణించినట్లు చూపారు. ఇది కల్పితం.

అంచనా

కోసిమోపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. యుద్ధాలతో అలసిన నగరానికి శాంతిని, చదువును, అందాన్ని ఇచ్చిన దూరదర్శిగా కొందరు ఇతనిని కీర్తించారు. చట్టాల అక్షరాన్ని ముట్టుకోకుండానే వాటి ప్రాణాన్ని తీసివేసి, గణతంత్రాన్ని ఒక కుటుంబపు సొత్తుగా మార్చినవాడని మరికొందరు విమర్శించారు. దేశపిత బిరుదు ఇచ్చిన నగరమే 1494 తరువాత ఇతని సమాధిపై ఆ బిరుదును చెరిపివేయించడం, మెడిచి వారు 1512లో తిరిగి అధికారంలోకి రావడం ఈ వివాదం ఎంత లోతైనదో తెలుపుతాయి. ఇతడు కట్టించిన గ్రంథాలయాలలోని రాతప్రతులలో అనేకం నేటికీ ఫ్లోరెన్స్‌లోని లొరెంజియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

సాంస్కృతిక పునరుజ్జీవనం
ఫ్లోరెన్స్
నికొలో డి కాంటి
విజయనగర సామ్రాజ్యం
సాళువ నరసింహదేవ రాయలు